అక్క గుర్తుపట్టిన గట్టు

బోధన్ చుట్టుపక్కల అన్నదమ్ములు చెరుకు పొలం పంచుకోవాలంటే నన్ను పిలుస్తారు. ఎదురెదురు గట్లను టేపుతో కొలిచి, సగటు తీసి, గుణించి, గుంటల్లోకి మార్చడం నాకు నేనే నేర్చుకున్నాను. కాగితం వాడను. నోటిలెక్కగా చెప్పడం వల్లే నాకు పేరొచ్చింది.

పోయిన చలికాలం ఒకే ఊళ్లో వరుసగా రెండు రోజులు రెండు పొలాలు కొలిచాను. రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క మోటారు గది. టేపు రెండో కొస పట్టుకోవడానికి మా అక్క వచ్చింది. నాకన్నా పదేళ్లు పెద్దది. ఇప్పటికీ కూలికి నడిచే పోతుంది, అంకెలు రాయడం రాదు. రెండో రోజు నేను గట్ల కొలతలు, గుంటలు చెప్పగానే అడ్డం వచ్చింది.

“నువ్వు జెప్పిన పడమటి గట్టు నిన్నటి పొలంది, తమ్మీ. గీ గట్టు జర కురుస.”

మళ్లీ కొలిస్తే ఆమె మాటే నిజం. పొలం వాళ్లలో చిన్నవాడు, “ముసలితనం అక్కకు గాదు అన్నా, నీకొచ్చింది” అన్నాడు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు ఇల్లు చేరేదాకా నా వెంటే వచ్చింది.

తర్వాత ఆమె మోకాలి నొప్పికి కంఠేశ్వర్‌లో డాక్టరుకు చూపించాను. ఆమె మందులకు వెళ్లగానే నా సంగతి అడిగాను. జ్ఞాపకాలను చూసుకునే మెదడు భాగంలో పెద్దయ్యాక కూడా కొత్త కణాలు పుడతాయని, వయసుతో తగ్గుతాయని అంటారట. మనుషుల్లో ఎంతవరకు పుడతాయో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదట. ఎలుకల్లోనైతే, ఒకేలా ఉండే రెండు చోట్లను వేరువేరుగా గుర్తుపెట్టుకోవడానికి ఆ కొత్త కణాలే పనికొస్తాయట. బాగా పరుగెత్తే ఎలుకకు ఎక్కువ పుడతాయట. నేను ఎక్కడికైనా స్కూటర్ మీదే పోతాను.

“మా అక్క తలకాయల ఎన్నుంటయి సార్, నా తలకాయల ఎన్ని?”

“బతికున్న మనిషి తలలో వాటిని లెక్కపెట్టలేం” అని నవ్వారు. “అక్కతో పోటీనా?”

ఆమెకెన్ని ఉన్నాయో తెలిసి ఉంటే, నాకెన్ని తక్కువో తీసివేసి చూసుకుని ఊరుకునేవాణ్ణేమో. ఆ వారం నుంచి, ఆమెకు చెప్పకుండా, పొద్దున్నే నడుస్తున్నాను.

మొన్న జక్రాన్‌పల్లి రైతు ఫోన్ చేసి, “అక్కను గూడ తోల్కరా అన్నా” అన్నాడు. ఆమె మోకాలి నొప్పి ఇంకా తగ్గలేదని అబద్ధం చెప్పాలనిపించింది. అయినా తీసుకెళ్లాను. ప్రతి గట్టూ రెండుసార్లు కొలిచాను. లెక్క సరిగ్గానే చెప్పాను. రైతు నా వంక చూడలేదు. అక్క తల ఊపిన తర్వాతే హద్దురాయి పాతించాడు.