కాళ్లు తిన్నగా రావాలని

మొన్న మా అమ్మాయితో కలిసి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో చిన్నపిల్లల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. తొలి కాన్పుకు నా దగ్గరికే వచ్చింది. పాపకు ఇంకా మూడో నెల నిండలేదు. పాపను ఒంటికి కట్టుకుని తిరిగే సంచి ఒకటి కొనాలని దాని పట్టుదల. దుకాణం ఆయన దాన్ని ‘కంగారూ బ్యాగు’ అన్నాడు. నాకు ఉత్త కంగారు అనే వినిపించింది, పసిపిల్లల వ్యవహారానికి అది సరైన పేరే అనుకున్నాను. ముందు నాకే తగిలించి చూపించాడు. వీపు వెనక పెట్టాల్సిన క్లిప్పు చేతికందక నేను ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటే, పాప తప్ప దుకాణంలో అందరూ నవ్వారు.

మా అమ్మాయి నవ్వుతూనే తన పని తాను చూసుకుంది. ఒక్కో సంచీ తిరగేసి, పాప కూర్చునే చోటు ఎంత వెడల్పుందో జానతో కొలిచింది. "భయ్యా, గిది సన్నగున్నది, కాళ్లు కిందికి వేలాడతయి. బట్ట మోకాళ్ల దాకా రావాలె. కప్ప కూసున్నట్టు తొడలు ఎడంగ ఉండాలె," అంది. "గట్లైతే గిది చూడు చెల్లె," అని ఆయన ఇంకొకటి తీశాడు. మెడకు ఆనే మెత్త, నడుముకు బరువు పంచే పట్టీ, పాప ముక్కు బట్టలో కూరుకుపోకుండా మొహం కనిపించే తీరు, అన్నీ చూసింది. పాపను అందులో కూర్చోబెడితే మోకాళ్లు పైకి లేచి, తొడలు రెండు పక్కలకూ విచ్చుకుని, తల్లి రొమ్ముకు చెంప ఆనించి కళ్లు మూసుకుంది. అప్పుడు మా అమ్మాయి నాకు మాత్రమే వినిపించేలా అంది: "నాకు పుట్టుకతోనే తుంటి సరిగ లేకుండె గదమ్మా. దీనికి మంచిగనే ఉన్నదని డాక్టర్ చెప్పిండు గని, నా రోగం దీనికెక్కడ వస్తదో అని నాకు నిద్ర వడ్తలేదు." నేను సంచి పట్టీలు సవరిస్తున్నట్టు తల వంచుకున్నాను.

మా అమ్మాయి పుట్టినప్పుడు మేం ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. దాని నాన్న మస్కట్‌లో. ఇంట్లో నేనూ, మా అత్తా, పసిపిల్లా. పిల్లల్ని ఎత్తుకునే విషయంలో మా అత్తకు రెండో పద్ధతి తెలియదు. మెడ నిలిచేదాకా ఒళ్లో, నిలిచాక సంకలో. పాత నూలు చీరను సగానికి చింపి, ఒక భుజం మీదుగా ముడేసి, పిల్లను నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోబెట్టుకుని నాట్లకు పోయేది, అంగడికి పోయేది, చుట్టిన బీడీలు అప్పజెప్పి వచ్చేది. ఆరుగురిని అట్లాగే పెంచింది. నేనేమో కామారెడ్డిలో పదో తరగతి పాసైన దాన్ని. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోకుండా నడుచుకునేదాన్ని. చీరపేలికలో పిల్లను మోయడం నాకు నామోషీ. దానికి తోడు దొడ్డికాళ్ల భయం. కాళ్లు ఎడంగా పెట్టి ఎత్తుకుంటే పిల్లకు దొడ్డికాళ్లొస్తాయని, రేపు నడుస్తుంటే అందరూ నవ్వుతారని ఎవరో అన్న మాట నన్ను పట్టుకుని వదల్లేదు. స్నానం చేయించి, నూనె రాసి, రెండు కాళ్లూ లాగి జోడించి, నడుము నుంచి చీలమండల దాకా బట్టతో బిగించి చుట్టేదాన్ని. పిల్ల మోకాళ్లు మడవాలని గింజుకునేది. నేను ఇంకో చుట్టు చుట్టేదాన్ని.

"కట్టెలమోపు కట్టినట్టు కడ్తవేందే పిల్లను? కాళ్లు ఆడనియ్యి బిడ్డా," అనేది అత్త. "దొడ్డికాళ్లొస్తె నువ్వు నడుస్తవా దాని బదులు?" అన్నాను ఒకరోజు. నేను బోరింగు దగ్గరికి నీళ్లకు పోయినప్పుడల్లా ఆమె కట్టు విప్పేది. నేను వచ్చి మళ్లీ కట్టేదాన్ని. పిల్ల కూర్చోవడం నేర్చేదాకా మా ఇద్దరి మధ్యా ఇదే యుద్ధం. గెలిచింది నేనే.

నడక వచ్చాక పిల్ల ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. హైదరాబాదులో చూపిస్తే, తుంటి కీలు తప్పుకుందన్నారు. పుట్టినప్పుడు కొంచెం వదులుగా ఉండి ఉండొచ్చు, కాళ్లు స్వేచ్ఛగా ఆడుతుంటే చాలామందికి అదే సర్దుకుంటుంది అని చెబుతూ, "కాళ్లు చాపి బిగించి కట్టేవాళ్లా?" అని డాక్టరు నన్నే అడిగాడు. "కట్టెటోళ్లం సారూ, తెల్వక," అంది మా అత్త. కట్టేది నా కోడలు అనలేదు. కట్టెటోళ్లం అంది. ఆ ఒక్క మాటతో నా తప్పులో సగం ఆమె నెత్తికెత్తుకుంది. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

నడుము నుంచి పాదాల దాకా సిమెంటు కట్టు వేశారు. మోకాళ్లు మడిచి, రెండు కాళ్లూ బాగా ఎడంగా పెట్టి, మధ్యలో అడ్డంగా ఒక కర్ర. ఆ కట్టుతో పిల్లను ఎట్లా ఎత్తుకోవాలో నాకు అర్థం కాలేదు. భుజాన నిలవదు, ఒళ్లో పట్టదు. రైలు దిగి కామారెడ్డి బస్టాండులో నేను తంటాలు పడుతుంటే, అత్త పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని సంకన వేసుకుంది. ఆ కట్టు ఆమె నడుముకు కొలత తీసి చేసినట్టు సరిపోయింది. నేను ఎడం కానివ్వని కాళ్లను డాక్టర్లు సిమెంటు పోసి మరీ ఎడం చేశారు. నేను చెప్పలేదా అని ఆమె ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ కట్టు ఉన్నన్ని నెలలూ ఆ బరువంతా ఆమే మోసింది. పోచారం చెరువు అలుగు పారుతోందంటే పిల్లకు చూపించడానికి అట్లాగే బస్సెక్కింది. ఎవరడిగినా "పుట్టుకతోనే గట్లున్నది" అని చెప్పేది. నాకు ఆ మాట బాగా పనికొచ్చింది. నేనూ అదే చెప్పాను, చివరికి నా కూతురికి కూడా. అలసిపోతే దాని నడక ఇప్పటికీ కాస్త ఒరుగుతుంది.

వెడల్పాటి సంచే కొన్నాం. ఆటోలో పాప తల్లి గుండెల మీద నిద్రపోతోంది. మా అత్త పోయి చాలా ఏళ్లయింది, ఇక చెప్పగలిగింది నేనొక్కదాన్నే. "పుట్టుకతోని కాదు బిడ్డా," అన్నాను. "నేను కాళ్లు జోడిచ్చి కట్టిన." మొత్తం చెప్పాను.

అది పాప మోకాళ్ల దగ్గర బట్ట సర్దింది. "నానమ్మ గూడ కట్టిందా?" అని అడిగింది.

"లేదు. ఆమె ఇప్పేది. నేనే కట్టిన."

"గిన్నేండ్ల సంది నా రక్తంల ఉన్నదనుకుంట భయపడ్డనే అమ్మా," అంది. ఏడవలేదు, కోప్పడలేదు. ఆటో దిగేటప్పుడు ఎప్పుడూ నా భుజం పట్టుకునేది, ఆ రోజు పట్టుకోలేదు. పాప తల మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, తానే దిగి లోపలికి నడిచింది. ముప్పై ఏళ్లు దాచిన మాట చెప్పడానికి స్టేషన్ రోడ్డు నుంచి ఇంటి దాకా పట్టిన సమయం సరిపోయింది. నన్ను మన్నించడానికి నా బిడ్డకు ఎంతకాలం పడుతుందో, అంతకాలం నాకు మిగిలి ఉందో లేదో తెలియదు.