నాలుగు చక్రాల న్యాయం

పరుపుల మామయ్య బండి కొనడానికి వెళ్లి బానెట్ ఎత్తమని అడగలేదు. వెనక తలుపు తీయించి, చెప్పులు విడిచి, సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. అటొకసారి ఒత్తిగిలాడు, ఇటొకసారి ఒత్తిగిలాడు. లేచి పిడికిలితో సీటు నడుమ ఒక్క గుద్దు గుద్ది, చెవి ఆనించి విన్నాడు. బండి అమ్ముతున్న రిటైరైన సర్వేయరు పక్కనే నిలబడి, ఈ పెద్దమనిషికి ఒంట్లో బాగాలేదేమో, మంచినీళ్లు తెప్పించాలా అని చూస్తున్నాడు.

"స్ప్రింగులు బతికే ఉన్నాయి. పైన దూదే పోయింది, అది నేను చూసుకుంటా," అన్నాడు మామయ్య. బేరం కుదిరిపోయింది.

జీవితమంతా పరుపులు కుట్టినవాడు మరి. ఆయన దృష్టిలో ప్రపంచంలో ఏ వస్తువైనా పరుపే, కాకపోతే కొన్నింటికి చక్రాలుంటాయి.

తాళాలిచ్చేముందు సర్వేయరు ఒక సంగతి నొక్కి చెప్పాడు. గేరు రాడ్డు పక్కన పొట్టిగా ఇంకో రాడ్డు ఉంది. మామూలు రోడ్డు మీద బండిని వెనక చక్రాలే తోస్తాయి. బురదలోనో ఇసుకలోనో దిగబడితే ఆ పొట్టి రాడ్డు లాగాలి, అప్పుడు ముందు చక్రాలు కూడా పనిలోకి దిగుతాయి. అవసరం తీరగానే మళ్లీ యథాస్థానంలో పెట్టేయాలి.

మామయ్య బుద్ధిగా తలూపాడు. కానీ ఆ మాట ఆయన మనసుకి ఎక్కలేదు. పరుపు కొన్న ప్రతివాడికీ ఆయన చెప్పే ఉపదేశం ఒక్కటే: తిప్పి వేయండి, మార్చి వేయండి, బరువు అన్ని మూలలా పడాలి, ఒకే పక్క వాడితే గుంట పడుతుంది. అలాంటిది రెండు చక్రాలు ఒళ్లు హూనం చేసుకుంటుంటే మిగతా రెండూ షికారుకొచ్చిన చుట్టాల్లా ఊరికే దొర్లుతాయా? ఇదెక్కడి న్యాయం? సందు మలుపు తిరగకుండానే పొట్టి రాడ్డు లాగేశాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మామయ్య. బండి విషయంలో మాత్రం నాలుగు దగ్గర పట్టుబట్టాడు.

తిన్నగా పోయినంతసేపూ ఆ బండి పెద్దమనిషే. మలుపు వస్తే మాత్రం పూనకమొచ్చినట్టు ఊగేది. స్టీరింగు బిగుసుకుపోయేది, కిందనుంచి ఏదో మూలిగేది, టైర్లు కీచుమనేవి. షాపు ముందు పెట్టబోతే కప్పలా గెంతి గెంతి గోడ దగ్గర ఆగేది. వీధి చివరి మెకానిక్కు దాన్ని తిన్నగా పెద్ద రోడ్డు దాకా పోనిచ్చి, తాళాలు తిరిగిచ్చేసి, రోగం బండికి కాదు, మలుపులకి అన్నాడు. ఆ రోజునుంచి మామయ్య మలుపులు తక్కువుండే దార్లు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. పక్కవీధిలో దిండ్లు ఇవ్వడానికి ఊరంతా చుట్టొచ్చేవాడు.

ఆ బండి అంటే ఆయనకి అంత ప్రాణం. అంతకుముందు పరుపులు అద్దె తోపుడుబండి మీద వేసి, వెనకాల తాడు పట్టుకుని నడిచేవాడు. ఇప్పుడు ఎత్తున కూర్చుంటే మేడల మీద ఎండబెట్టిన పరుపులన్నీ కనిపిస్తున్నాయి. అందులో తను కుట్టినవేవో కుట్టు చూసి పోల్చుకునేవాడు. "అదిగో, మన పిల్ల! ఎంత బాగా ఉందో చూడు," అని పరుపుల్ని పలకరించేవాడు. సీట్లన్నీ ఊడదీసి, పాత దూది పారేసి, కొత్త దూది తనే ఏకి, పొరలు పొరలుగా పేర్చి దబ్బనంతో కుట్టాడు. వాటికి గుడ్డ తొడిగింది అత్తయ్య.

అత్తయ్యంటే ఆయన భార్య. షాపులో గుడ్డ కత్తిరించేదీ, గలేబులు కుట్టేదీ ఆవిడే. కత్తెర ఎంత పదునో మాట అంత పదును. సరుకు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు పరుపులు బండి పైన, దిండ్లు వెనక సీట్లో, దిండ్ల మధ్యలో ఆవిడ. మలుపు మలుపుకీ ఆ దిండ్లన్నీ వచ్చి ఆవిడ మీద పడేవి. కొన్నవాళ్లు తలుపు తీస్తే ముందు ఒక చెయ్యి బయటికొచ్చేది, తర్వాత తిట్లు, ఆ తర్వాత మనిషి.

ఒకరోజు అలాగే బయటపడి, దూది దులుపుకుంటూ, ఇంట్లో బండైనా ఉండాలి, తనైనా ఉండాలి అని తేల్చేసింది. మామయ్య ఆలోచించడానికి కాస్త ఎక్కువసేపు తీసుకున్నాడు. అది ఇంకా తప్పయింది. సాయంత్రానికల్లా షాపులో 'బండి అమ్మబడును' అని బోర్డు వేలాడింది. మామయ్య చడీచప్పుడు లేకుండా ఆ బోర్డు ముందు దిండ్లు దొంతరగా పేర్చాడు.

ఆయన ఖర్మ కొద్దీ, నడుం నొప్పికి దిండు కొందామని వచ్చిన పశువుల డాక్టరమ్మ సరిగ్గా ఆ దొంతర మధ్యలోంచే ఒకటి లాగింది. దొంతర కూలింది, బోర్డు బయటపడింది.

డాక్టరమ్మ నడిపి చూస్తానంది. ఆవిడ స్టీరింగు ముందు, మామయ్య పక్కన, అత్తయ్య వెనక కూర్చున్నారు. మొదటి మలుపులోనే బండి మూలిగి, ఎగిరి, దభీమంది. హమ్మయ్య, ఇక కొనదు అనుకుని మామయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

డాక్టరమ్మ బండి ఆపి పొట్టి రాడ్డు వైపు చూసింది.

"ఇది ఎప్పుడు వేశారు?"

"కొన్నరోజే."

"తీసిందెప్పుడు?"

"తీయడమెందుకండీ? మూలన కూర్చోబెట్టడానికా కొన్నది?"

ఆవిడ కాసేపు కిటికీ వైపు తిరిగి, నవ్వు దిగమింగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. రెండు జతల్నీ కలిపి బిగించేస్తే, గట్టి రోడ్డు మీద జారే వీల్లేక ఒకదాన్నొకటి లాక్కుంటాయి. "నాలుగు కాళ్లకీ బంధం వేసి తిరగమంటే గుర్రమైనా గెంతుతుంది బాబాయిగారూ," అంది. రాడ్డు తొయ్యబోతే అది బిగుసుకుపోయి కదల్లేదు. అందుకని బండిని తిన్నగా వెనక్కి పోనిచ్చింది. మంగలి షాపు, మందుల షాపు, వీధిలో నిలబడి చూస్తున్న జనం అంతా ముందుకు పోతున్నట్టు కనబడ్డారు. కింద ఎక్కడో టక్కుమంది. రాడ్డు దూదిలో దబ్బనంలా జారింది.

తర్వాతి మలుపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. వెనక సీట్లో పైన కమ్మీ పట్టుకున్న అత్తయ్య మెల్లిగా చెయ్యి వదిలేసింది. ఇంకో మలుపు తిరిగాక, "ఏమండీ, అమ్మాలా?" అని మామయ్య చెవిలో ఊదింది.

అప్పటికే డాక్టరమ్మ బండికి ఏ జబ్బూ లేదని చెప్పేసింది. కానీ ఆవిడ నడుం సర్దుకుంటూ, "సీట్లే బాగాలేవు, మరీ మెత్తన. వద్దులెండి, వదిలేస్తా," అంది.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. మామయ్య నోరు మూసుకుంటే చాలు. గుడ్డ తొడిగిన అత్తయ్యే ఆత్మాభిమానం చంపుకుని, అవునమ్మా, మహా పాపిష్టి సీట్లు, మనిషన్నవాడు కూర్చోలేడు అంది.

"ఎవరన్నారు?" అన్నాడు మామయ్య. అత్తయ్య వెనకనుంచి గిల్లింది. ఆయన భుజం దూరంగా జరుపుకున్నాడు. "డాక్టరమ్మా, మీరు అంచున కూర్చున్నారు. అంచున కూర్చుంటే సింహాసనమైనా గుచ్చుకుంటుంది. వెనక్కి జరగండి. ఇంకా. నడుం కింద ఖాళీ ఉండకూడదు. ఇప్పుడు ఊపిరి వదలండి."

డాక్టరమ్మ ఊపిరి వదిలింది. కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. చాలాసేపటికి, "అబ్బా," అంది. "తీసుకుంటానండీ. ఈ బండి నాకే ఇచ్చేయండి."

మామయ్య ముఖం వెలిగింది. ఆ తర్వాత తను చేసిందేమిటో తట్టి, వెలిగినంత వేగంగా ఆరిపోయింది. అత్తయ్య నుదురు కొట్టుకుంది. అయినా ఆవిడ నోరు ఎంతసేపు ఊరుకుంటుంది? ముందుకు వంగి నెమ్మదిగా అడిగింది.

"ఒక మాట చెప్పమ్మా. ఇప్పుడున్న నీ బండి బాగానే నడుస్తుందా?"

"బాగానే నడుస్తుంది. ఊళ్లు తిరిగి తిరిగి నడుమే పోయింది."

"అయితే నీకు కావలసింది బండి కాదు, సీటు. మా ఆయన కుడతాడు. మేం ఈ బండి అమ్మం."

డాక్టరమ్మ ఆలోచించింది. కూర్చున్న చోటే ఇంకాస్త ఆలోచించింది, ఎందుకంటే లేవబుద్ధి కాలేదు. చివరికి సరేనంది. మామయ్య ఉత్సాహం పట్టలేక, మీ బండిలో కూడా పొట్టి రాడ్డుంటే అంటూ మొదలుపెట్టబోతే, అత్తయ్య ఆయన చేతిలో టేపు పెట్టి, మాటలాపి ఆ సీటు కొలతలు చూడమంది.

డాక్టరమ్మని ఆవిడ ఇంటి దగ్గర దింపాక అత్తయ్య వచ్చి ముందు సీట్లో కూర్చుంది. షాపు ముందు మామయ్య బండి ఆపినా దిగలేదు. బోర్డు తీసేద్దామా అని అడిగితే, తర్వాత తీద్దామంది.

"మరి దిగవేం?"

"ఆ మందుల షాపు దగ్గర మలుపుంది చూడండి," అంది అత్తయ్య, చీర సర్దుకుని నడుం వెనక్కి ఆనించుకుంటూ. "దాన్ని ఇంకొక్కసారి తిప్పండి."