అక్క పంపిన ఎర్ర మొద్దు

మా కడప జిల్లాలో కట్టె కొంచెం ఎర్రగా కనబడితే చాలు, మనుషులకు మతి ఉండదు. ఎర్రచందనం అన్న మాట ముందు ఎవరి నోట్లోంచి ఊడిపడుతుందా అని పోటీ. ఆ పిచ్చి మా అక్కకు చేసిన అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జమ్మలమడుగులో కట్టెను తిప్పుతూ చెక్కే లేతు కొట్టం ఒకటి నడుపుతాను. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, ఉయ్యాల గుబ్బలు తీస్తాను. అక్కది తొండూరు. ఆమె పెరట్లో బావ నాటిన చెట్టు ఒకటుండేది. మొక్క ఎక్కడ తెచ్చాడో, పేరేమిటో చెప్పకుండానే పోయాడు. ఎండాకాలం గాలివానకు అది కూలింది. అక్క లావుగా ఉన్న మొదలు మాత్రం మొద్దుగా కోయించి ఆటోలో నాకు పంపి, ఫోన్ చేసింది.

“మీ బావ పోయి ఏడాది నిండేది ఆదివారం నాడే. ఆ ఆదివారం జమ్మలమడుగులో మన చర్చిలో ప్రభు రాత్రి భోజనం రొట్టె ఈ కట్టెతో తీసిన పళ్లెంలో పెట్టాల. నాకింకేం వద్దప్పా.”

ఏడాది నిండడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. పచ్చి కట్టెతో తీసిన పళ్లెం ఆరడానికి అది చాలు.

తెలియని కట్టె వస్తే నేను తొందరపడను. ఎత్తి బరువు చూస్తాను, కోసిన మొహాన్ని తడిపి గీతలు చూస్తాను, పేడు తీసి వాసన చూస్తాను. దీని చేవ ఎర్రగానే ఉంది, కానీ కట్టె తేలిక. పేడు నీళ్లలో వేస్తే తేలింది. ఎర్రచందనమైతే రాయిలా మునిగేది. ఎర్ర కట్టె వచ్చిందని విని చుట్టూ మూగినవాళ్లందరికీ ఆ తేలే పేడు చూపించాను. వాళ్లలో మా మేనమామ కూడా ఉన్నాడు. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద.

చెట్టు పేరు తెలియలేదు, నాకు దాంతో పని కూడా లేదు. పచ్చి కట్టె పగలకుండా కాపాడుకోవాలి, అంతే. రెండు కొసలకూ మైనం కరిగించి పూశాను. బెరడు తీయకుండా నీడలో పెట్టి తడి గోనెపట్టా కప్పాను. నిలువునా రెండుగా కోసి, పచ్చిగా ఉన్నప్పుడే పళ్లెం మోటుగా తీసిపెడితే నింపాదిగా ఆరుతుంది. అంతలో లేతు బెల్టు తెగింది. కొత్తది తేవడానికి మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కాను.

మధ్యాహ్నం దాటాక వచ్చి చూద్దును కదా, మొద్దు వీధిలో ఎండకు పడుంది. బెరడు లేదు. మైనం పూసిన కొసలు రెండూ రంపంతో కోసి పారేశారు. ఒళ్లంతా గొడ్డలి గాట్లు. బకెట్లో ముక్కలు వేసి, నీళ్లు ఎర్రబడతాయేమోనని జనం తొంగి చూస్తున్నారు. గొడ్డలి మామ చేతిలో ఉంది.

“ఏంది మామా ఈ పని? ఎవరు ముట్టుకోమన్నారు?”

“అరవొద్దప్పా. చందనమైతే పోలీసోళ్లు నిన్ను లోపలేస్తారని చూస్తాండాం. నీ మేలుకే.”

“తేలుతాందని నిన్ననే చూపిచ్చినా కదా! ఈ ముక్కలు గూడా తేలుతాండాయి, కండ్లు లేవా?”

“లోపలి చేవ ఇంకో రకంగా ఉంటాదేమోనని...”

నా మేలట! చందనమే అయితే ఆ గొడ్డలి కింద పెట్టేవాడేనా ఆయన? వంగి మొద్దును తడిమాను. గొడ్డలి దిగిన చోటల్లా పగులు, ఎండకు అది నడిమి దాకా పాకింది. గుబ్బలు తీయడానికి పనికొస్తుందేమో గానీ పళ్లెం వెడల్పు ముక్క ఎక్కడా మిగల్లేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్కొక్కరే జారుకున్నారు.

“ఉత్త కట్టెకి ఇంత రాద్ధాంతమా!” అంటూ మామ కూడా కదిలాడు.

అక్కకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. గొడ్డలి వేసిందెవరని మాత్రం అడిగింది. చెప్పాను.

బావ ఏడాది నాటి ఆదివారం అక్క, తొండూరు మీదుగా వచ్చే పులివెందుల బస్సు దిగి నేరుగా చర్చికి వచ్చింది. ప్రభువు శరీరమని ఎవరూ కాదనని ఆ రొట్టె పళ్లెం పట్టుకుని, మా దగ్గర వరసల మధ్య తిరిగేది సంఘ పెద్దలే. స్టీలు పళ్లెంతో మామ అక్క ముందు ఆగాడు. అక్క ఒళ్లో చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

“తీసుకోమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి.

“నీ చేత్తో వద్దు మామా. ముందుకు పో.”

చర్చిలో అందరికీ వినబడింది. మామ తల వంచుకుని ఆడవాళ్ల వరసలు ముగించి, మగవాళ్ల వైపు వచ్చి నా ముందు ఆగాడు. నేనూ చెయ్యి చాపలేదు.