ఏనుగుల కొట్టం వెనక

ఆ పెద్ద బంగళా గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. లోపలి వరండాలో ఇంకొకటి ఉంది. రెండూ ఆ ఇల్లు కట్టిన సంవత్సరం చెబుతాయి, కాని రెండింటికీ మధ్య ఇరవై రెండేళ్ల తేడా. వరండా బోర్డే నిజమనుకుంటే, దాని కిందే రాసిన పుట్టిన సంవత్సరం ప్రకారం, ఇల్లు కట్టించిన జమీందారు గారికి అప్పటికి తొమ్మిదేళ్లు. ఈ సంగతి గైడుకు చెబితే నవ్వాడు. "రాజులు కదా మాసిమా" అన్నాడు, బెంగాలీలో పిన్నిగారూ అన్నట్టు. రాజులైతే మాత్రం తీసివేత మారిపోతుందా?

ఆ రోజు కార్తీక మాసంలో రెండో ఆదివారం. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా తెలుగువాళ్ల గుడి తరఫున ఏటా ఆడవాళ్లమంతా వనభోజనాలకు వెళతాం. మామూలుగా దగ్గరలో ఏటి ఒడ్డుకో, హిజ్లీ వైపు ఏదో తోటకో వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తాం. ఈసారి బస్సు మాట్లాడుకుని, గంటన్నర దూరంలో ఉన్న శాల్ అడవికి, అంటే గుగ్గిలం చెట్ల అడవికి, వెళ్లాలనుకున్నారు. అడవిని పార్కు చేశారు. అందులో పాత జమీందారుల ఇళ్లు రెండు ఉన్నాయి. నాకు తిరగడం మీద మోజు లేదు. నేను వెళ్లింది నా తోడికోడలి కోసం.

ఆమె మా మరిది భార్య. నన్ను అప్పా అని పిలుస్తుంది, అక్కా అని. దేనికీ ముందు పేరివ్వని మనిషి, ఆ అడవి పేరు వినగానే అందరికంటే ముందు తనే పేరు ఇచ్చింది. ఆమె పుట్టింది ఆ అడవిలోనే. పట్టాల కింద పరిచే స్లీపర్ల కోసం అక్కడ శాల్ చెట్లు నరికేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆమె తండ్రి ఆ దుంగలు చెక్కే పనిలో ఉండేవాడు. పెద్ద బంగళాలో ఏనుగుల కొట్టం వెనక ఒక ఉసిరి చెట్టు, దాని పక్కన మూడు గుడిసెలు. అక్కడే, ఆమెకు రెండేళ్లప్పుడు, అడవి జ్వరంతో తల్లి పోయింది. తండ్రి పిల్లను ఎత్తుకుని ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. ఆ ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర నాయనమ్మ పెంచింది. తల్లి ఫోటో కూడా లేదు. తండ్రి చెప్పగా ఆమెకు తెలిసిన ఆనవాలు ఆ ఉసిరి చెట్టొక్కటే. అక్కడ తల్లి పేరున ఒక దీపం పెట్టాలన్నది ఆమె కోరిక. ముందు పిల్లలూ సంసారమూ, ఆ తర్వాత ఆ అడవిలో మావోయిస్టుల గొడవలు, డెబ్బై దాటినా కుదరలేదు.

దారిలో చిన్న బంగళా చూశాం. పైకప్పు లేదు. గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. ఆ వంశంలో మిగిలిన ఒక ముసలావిడ మిగిలిన రెండు గదుల్లో ఉంటోంది. మాకు కుండలో నీళ్లు ఇచ్చి, ఇల్లంతా తిరగనిచ్చి, పాములున్నాయి జాగ్రత్త అని మాత్రం చెప్పింది. టికెట్టూ లేదు, బోర్డూ లేదు, అబద్ధమూ లేదు.

పెద్ద బంగళా సగం మ్యూజియం, సగం హోటలు. ముందు హాలు టికెట్టు కొన్నవాళ్లకు చూపిస్తారు. గైడు కిటికీ లోంచి అడవిని చూపించి, "ఈ వనాన్ని మనిషి చెయ్యి తాకలేదు" అన్నాడు.

"మా అయ్య గొడ్డలి తాకినాది గదా" అంది నా తోడికోడలు, నాకొక్కదానికే వినపడేలా.

నిజం బయటే కనిపిస్తోంది. ఒక్కొక్క మొదలు నుంచి రెండు మూడు మానులు లేచి ఉన్నాయి. ఒకసారి నరికిన శాల్ అలాగే చిగురిస్తుంది. ఆ చెట్లన్నీ నరికినవే. ఆ దుంగల మీదుగానే రైళ్లు నడిచాయి, మా ఇళ్లలో పొయ్యిలు వెలిగాయి. హాలు గోడ మీద జమీందారుల పటాలు, చచ్చిన పులుల పటాలు, చివర ఒక ఏనుగు పటం ఉన్నాయి. ఏనుగుకు పేరు రాశారు, పుట్టిన ఏడాది రాశారు, పోయిన ఏడాది రాశారు. దాన్ని తోమిన మావటి పక్కనే నిలబడి ఉన్నాడు, అతనికి పేరు లేదు. ఇక అడవి నరికిన వాళ్ల ఊసెవరికి కావాలి?

వెనక్కి వెళ్లే చిన్న గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. హోటల్లో దిగిన అతిథులకు మాత్రమేనట. నా తోడికోడలు నిదానంగా సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని రైల్వే ఫ్యామిలీ పెన్షన్ కార్డు చూపించింది. మా వాళ్ల అలవాటు అది. ఆస్పత్రికైనా, బ్యాంకుకైనా, ఎవరైనా ఆపితే ముందు రైల్వే కార్డే బయటికి వస్తుంది.

"మాసిమా, ఇది రైలు కాదు" అని కాపలావాడు బెంగాలీలో నవ్వాడు. లోపలికి వెళ్లడానికి మా వెనక ఆగిన అతిథులూ నవ్వారు. ఆమె కార్డు మళ్లీ కవర్లో పెట్టి, కవరు మడత పెట్టి, సంచిలో దాచుకుంది. ఆ మడత పెట్టడం చూసి నాకు ఒళ్లు మండింది.

మేనేజరును పిలిపించాను. కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. అతిథులకు ఇబ్బంది అన్నాడు. రూము తీసుకుంటే ఎక్కడైనా తిరగవచ్చు అన్నాడు. కూలీల గుడిసెలు ఉన్నట్టు తమ చరిత్రలో లేదు అన్నాడు.

"మీ చరిత్రలో తొమ్మిదేళ్ల పిల్లవాడు బంగళా కట్టించినట్టు ఉంది, అది సరిచూసుకున్నారా?" అని హిందీలో అడిగాను.

తోడికోడలు నా మోచెయ్యి గిల్లింది. "అప్పా, ఆడికి బోర్డు లెక్కలు సెప్పకు. దీపం సంగతి సెప్పు."

చెప్పాను. తల్లి పోయిన చోట దీపం పెట్టుకోవడానికి కూతురు రూము బుక్ చేసుకోవాలా అని అడిగాను. రూల్సు మేడమ్ అన్నాడు.

ఈలోపు మా బస్సులోనే వచ్చిన ఒక ఫిట్టరు భార్య, గట్టి గొంతు మనిషి, అక్కడికి వచ్చింది. ఏటి గొడవ అని అడిగి, విని, వెనక్కి తిరిగి కేకేసింది. "ఓలమ్మా, గిన్నెలు ఇటట్టుకొచ్చీండి! ఇక్కడే కూకుందుం." కార్లు వచ్చే దారి మీద చాపలు పరిచారు. వర్క్‌షాపు సమ్మెలు చూసిన ఇళ్ల ఆడవాళ్లకు దారి మీద కూర్చోవడం ఒకరు నేర్పాలా? పులిహోర గిన్నె మూత తీశారు. విస్తళ్లు వేశారు. కాపలావాడు లేవండి లేవండి అంటూ తిరిగాడు.

"ఏనుగులు నడిసిన దారి బాబూ, మేం కూకుంటే అరిగిపోద్దేటి?" అంది ఫిట్టరు భార్య. "ఆకలేస్తే నువ్వూ రా, పులోర తిందువు."

రెండు కార్లు వచ్చి ఆగి హారన్లు కొట్టాయి. మూడోది వచ్చాక మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరే, పది నిమిషాలే అన్నాడు.

ఏనుగుల కొట్టం ఇప్పుడు బార్. దాని వెనక ఈతకొలను. నీలం పలకలు, నీలం నీళ్లు. గట్టున ఉసిరి చెట్టు అలాగే ఉంది, మాను చుట్టూ రంగు బల్బుల తీగ చుట్టారు. కాయలు రాలి నీళ్లలో తేలుతున్నాయి. ఒకతను పొడుగు కర్రకు కట్టిన వలతో వాటిని ఏరి బకెట్లో పోస్తున్నాడు. ఏం చేస్తారని అడిగితే, చెత్తలో వేస్తాం అన్నాడు. కార్తీక మాసంలో ఉసిరికాయలు చెత్తలోకి! నోరు తెరిచాను. తోడికోడలు నన్ను చెయ్యెత్తి ఆపింది.

చెట్టు కేసి చూసి, నీళ్ల కేసి చూసింది. గుడిసెలు ఎక్కడుండాలో అక్కడ నీళ్లున్నాయి.

బకెట్లోంచి పెద్ద కాయ ఒకటి తీసుకుంది. ఇంటి నుంచి సంచిలో తెచ్చుకున్న చాకుతో పైభాగం తొలిచి, నెయ్యి వేసి, వత్తి పెట్టింది. విస్తరాకు చింపి దొన్నె చేసి, కాయను అందులో నిలబెట్టి వెలిగించింది. గట్టు మీద మోకాళ్లు ఆన్చి కూర్చుని నీళ్లలోకి వదిలింది. "అమ్మా, నానే" అంది.

కొలనులో ఈదుతున్న అతిథులు ఒక్కొక్కరే గట్టెక్కి ఫోన్లు తెచ్చుకుని ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. ఒకావిడ, ఇది ఇక్కడ రోజూ పెడతారా అని అడిగింది. "లేదు. ఈమె తల్లి పోయాక ఇదే మొదటిసారి. ఫోన్లు దించండి" అన్నాను. కొందరు దించారు. కొందరు నా ఫోటో కూడా తీశారు.

మేనేజరు అప్పటికే మొహం విప్పార్చుకుని నిలబడ్డాడు. "మేడమ్, చాలా అందంగా ఉంది. ప్రతి ఏడాదీ కార్తీకంలో రండి. మా ప్రోగ్రాంలో పెడతాం. టిఫిన్ మాదే."

అరగంట ముందు రూల్సు చెప్పిన నోరు అది. లేని గుడిసెలకు ఇప్పుడు ప్రోగ్రాం కావలసి వచ్చింది.

"గుడిసి కూడా కడతాడేటి, అడుగప్పా" అంది తోడికోడలు, దీపం మీంచి చూపు తిప్పకుండా.

నేను అడగలేదు. ఇంకొక బోర్డు పెట్టించమన్నాను. ఇక్కడ స్లీపర్లు చెక్కినవాళ్లు ఉండేవారని, ఒక తల్లి ఇక్కడే పోయిందని రాయించమన్నాను. పేరు ఈమె చెబుతుంది, సంవత్సరం నేను తప్పు లేకుండా చెబుతానన్నాను. ఠీక్ హై, ఆఫీసుకు మెయిల్ చేయండి అన్నాడు. ఆ బోర్డు ఇంకా పెట్టలేదు. ఈ మాటలు రాస్తున్నది అందుకే.

పది నిమిషాలు దాటిందని కాపలావాడు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఆమె లేవలేదు. నెయ్యి అయిపోయి వత్తి కొండెక్కాక, వల కర్ర అడిగి తీసుకుని దొన్నెను తనే గట్టుకు లాక్కుంది. మాడిన ఉసిరికాయను కొంగులో ముడి వేసుకుంది. బకెట్లోకి మాత్రం పోనివ్వలేదు.