మేరీమాత కొండ మీద మా తమ్ముడి పేరు

మొన్న మధురవాడలో మా పక్క ఫ్లాటు పిల్లాడి పుట్టినరోజు. వాడు కేకు మీది కొవ్వొత్తులు ఊదేయగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆరిన వత్తి వాసనకి నేను మాత్రం మనసులోనే విశాఖ హార్బరు పక్కనున్న మేరీమాత కొండెక్కేశాను.

నా చిన్నప్పుడు మేం గాజువాకలో ఉండేవాళ్లం. వీధంతా ఆవపిండి ఘాటు, మంచాల మీద ఎండుతున్న మామిడి ముక్కలు, వాటిని దొంగిలించి ఉప్పగా చప్పరించే మేమూ. ఆ ఎండల్లోనే పుట్టిన మా తమ్ముడు బారసాలైనా కాకుండా పోయాడు. పేరైనా పెట్టని బిడ్డకి ఏడుపేమిటని పెద్దలు అమ్మని ఊరుకోబెట్టారు. అమ్మ నిజంగానే ఊరుకుంది. ఏడవలేదు, మాట్లాడలేదు, అన్నం కెలికి లేచిపోయేది. అమ్మ కూడా పోతుందేమోనని నాకు ఒకటే భయం.

నాయనమ్మకి మొక్కులు తప్ప మందులు తెలియవు. పురుటి మైల తీరందే గుడి గడప తొక్కకూడదాయె. ఓ పొద్దున్నే, "మేరీమాతకి మైలేటే? ఆయమ్మా కొడుకుని పోగొట్టుకున్నాది. పదండెల్దాం" అంది. చర్చి ముఖం ఎరగని మనిషి, పసుపు రాసిన కొబ్బరికాయతో బస్సెక్కింది.

కొండ మీద సముద్రపు గాలి, ఓడ కూతలు, లోపల పాత బల్లలు, మందపాటి గోడల చల్లదనం. కాయ కొట్టే చోటు ఎంత వెతికినా దొరక్క నాయనమ్మ చర్చి మెట్టు మీదే ఠపీమని కొట్టేసింది. తెల్లచీర సిస్టరమ్మ గబగబా వస్తుంటే తిట్లు ఖాయమనుకున్నాను. ఆవిడ చిప్పలేరి నాయనమ్మ చేతికిచ్చి, మమ్మల్ని ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. నాయనమ్మ చెప్పిందంతా విని, అమ్మ పక్కన కూర్చుని అడిగింది.

"బిడ్డ పేరేటమ్మా?"

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు.

"సింహాచలం" అంది అమ్మ. కడుపులో ఉండగానే పెట్టుకుందట, మాకెవరికీ తెలియదు.

సిస్టరమ్మ కొవ్వొత్తి వెలిగించి, "మా సింహాచలాన్ని నీ ఒళ్లో ఎట్టుకో తల్లీ" అంది మేరీమాతతో. అప్పుడు ఏడ్చింది అమ్మ, బల్ల అంచు పట్టుకుని, గుక్కపట్టి. అక్కడ ఎవరూ ఊరుకోమనలేదు. నా గుండె మీంచి బరువు దిగింది. మెట్లు దిగుతూ కొబ్బరిముక్క కొరికి, "ఆకలేత్తంది" అంది అమ్మ.

మేమేం మతం మార్చుకోలేదు. ఏటా ఆ ఎండల్లో కొండెక్కి ఓ కొవ్వొత్తి వెలిగించేవాళ్లం, అంతే. ఇప్పుడు సిస్టరమ్మ లేదు, నాయనమ్మ లేదు, అమ్మా లేదు. గాజువాక ఇంటి చోట నాలుగంతస్తులు లేచాయి. చర్చి అలాగే ఉంది. ఒక్కదాన్నే వెళ్లి ఆ ముందు బల్ల మీదే కూర్చుంటాను.

పక్క ఫ్లాటు పిల్లాడు తన తమ్ముడికి కేకు తినిపిస్తూ, "ఆంటీ, మీకూ తమ్ముడున్నాడా?" అని అడిగాడు.

"ఉన్నాడురా" అన్నాను. "సింహాచలం."