రంది ఏ పాఠంల వస్తది?

చెల్లె టైఫాయిడ్‌తోని పోయినంక మా నాయన ఇంట్ల ఒక కట్టడి పెట్టిండు. దాని పేరు ఎవ్వరు ఎత్తొద్దు. గౌన్లు, పలక, రిబ్బన్లు మూటగట్టి నల్లకుంటల మా మేనత్త ఇంటికి పంపిచ్చిండు. "కండ్లకు కనవడకుంటె, చెవులకు ఇనవడకుంటె మీ అమ్మ అదే మర్చిపోతది" అన్నడు. చిక్కడపల్లిల మాది రెండర్రల కిరాయి ఇల్లు. గంత చిన్న ఇంట్ల ఒక పేరును దాచుడంటె మాటలా?

అమ్మ ఏడ్వలే. పనులన్నీ చేసేది. కంచం ముందర కూసుంటె మాత్రం రెండు బుక్కలు తిని చెయ్యి కడిగేది. డాక్టరేమొ రోగం లేదని టానిక్కు రాసిచ్చిండు. పక్కింటి అవ్వ చూసి, "రంది పెట్టుకున్నదే మీ అమ్మ. ఇట్లనే ఉంటె మనిషి దక్కది" అన్నది. నాకు భయం పట్టుకున్నది.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కోసం బందులు, ఊరేగింపులు. నారాయణగూడల మా కాలేజీ తెరిచిన దినాలకంటె మూసిన దినాలే ఎక్కువ. నేను బీయేల సైకాలజీ తీసుకున్న. మనసు గురించి చెప్పినోళ్లు నాలుగు జట్లంట, ఒక్కో జట్టును స్కూలంటరు. మనసును ముక్కలు చేసి చూడాలె, ఎవరి లోపలికి వాళ్లే తొంగి చూసి చెప్పాలె అన్నరు మొదటోళ్లు. సరే అని అమ్మనే అడిగిన, లోపల ఎట్లున్నదే అని. "ఎట్లుంటది, కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టున్నది. పోయి వాకిలి ఊడ్వు" అన్నది. మనసు ఎందుకు పనికొస్తదో చూడాలన్నరు రెండోళ్లు. రంది ఎందుకు పనికొస్తది, మన్ను! లోపల గీపల జాన్తా నై, బయటికి కనవడేదే లెక్క అన్నరు ఇంకొకళ్లు. కుక్కకు గంట కొట్టి అన్నం పెడితె, కొన్నాళ్లకు ఉత్త గంటకే నోరూరుతదంట. గంటే లేకుంటె నోరూరదు. అరె, మా నాయన చేసింది ఇదే గద! ఆఖరోళ్లేమొ, తొక్కిపెట్టిన బాధ ఊకోదు, ఇంకో తొవ్వ చూసుకుంటది అన్నరు. ఎవర్ని నమ్మాలె?

ఒకనాడు క్లాసుల లేసి నిలవడి, "మేడమ్, రంది వీటిల్ల దేంట్ల వస్తది?" అని అడిగేసిన.

"రంది అంటే ఏంటమ్మా?" అన్నరు మేడమ్. ఆమెది బెజవాడ దిక్కు, అశోక్‌నగర్‌ల ఉండేది. ఆమెకు రంది తెల్వదని పిల్లలు కిసుక్కున నవ్విన్రు. ఆ ఏడాది గసువంటి నవ్వు కొట్లాట దాక పోయేది. నేను మాత్రం రంది అంటె ఏందో చెప్పుకుంట, చెప్పుకుంట మా ఇంటి సంగతంత కక్కేసిన.

"బెంగా!" అన్నరామె. కుర్చీల కూలవడ్డరు. "బెంగ గురించి ఈ పుస్తకంలో లేదమ్మా. ఆ పిల్ల పేరు ఇంట్లో ఎవరూ అనట్లేదా? అయ్యో, ఆవిడ ఎవరితో చెప్పుకుంటారు మరి?"

ఇంటికొచ్చేసరికి అమ్మ చాటల బియ్యం ఏరుతున్నది. పక్కన కూసొని చెల్లె పేరు అన్న. అమ్మ చెయ్యి ఆగింది.

"ఏమన్నవే?"

మళ్ల అన్న.

"ఇంకోపారి అను."

అన్న. చాట పక్కకు పెట్టి నన్ను పట్టుకొని బోరుమన్నది. "మీరంత మర్చిపోయిన్రనుకున్ననే బిడ్డా! నేను గూడ మర్చిపోతె నా పిల్ల ఏడికి పోవాలె?"

ఆ పూట అమ్మ కడుపునిండ తిన్నది. నాయన ఆఫీసు నుంచి రాంగనె ఎదురుంగ నిలవడి, "మీరు గూడ ఒక్కపారి అనుండ్రి" అన్నది. నాయన నోరు తెరిచిండు. మళ్ల మూసిండు. తువాల భుజాన ఏసుకొని నల్లా కాడికి పోయిండు. కట్టడి మాకోసం కాదు, ఆయన కోసమే పెట్టుకున్నడని అప్పుడు సమజైంది.

అమ్మ బతికింది. ఎన్నో ఏండ్ల తర్వాత నాయన మంచం పట్టిండు. దవఖాన నర్సు తెలివి ఉన్నదో లేదో చూద్దామని, "తాతా, నీ పిల్లల పేర్లు చెప్పు" అన్నది. నా పేరు చెప్పిండు. తర్వాత పెదవులు కదిలినయి. అమ్మ ఉరికొచ్చి ఆయన నోటి కాడ చెవి పెట్టింది. అట్లనే వంగి శానసేపు ఉన్నది. నాకైతె ఏం ఇనవడలే.