పైపుల్లో ఉడికిన సంకటి

నేను జీవితంలో సంకటి లెక్కలేనన్నిసార్లు తిన్నాను, ఒక్కసారే వండాను. ఆ ఒక్కసారీ కుండలో వండలేదు. పాత బస్సులో, ఇనుప పైపుల్లో, అర్ధరాత్రి, వండుతున్నానని నాకే తెలియకుండా వండాను. ఆ వంటతో వేల ప్రాణాలు చావు గడప దాకా వెళ్లాయి, మా మామ కొత్త పంచె పాడైంది, నా పరువు పుంగనూరు సంతలో కూరగాయలతో పాటు అమ్ముడుపోయింది. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా కాఫీ కన్నా ముందు ఈ కథే పోస్తారు. వినీ వినీ అలసిపోయాను. నేనే ఒకసారి రాసి పడేస్తే ఇక చెప్పడానికి ఏమీ మిగలదని చిన్న ఆశ.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో, పట్టుపురుగుల పిల్లలను సాకి రైతులకిచ్చే ఒక చిన్న కేంద్రంలో పనిచేసేవాణ్ని. పుట్టిన కొత్తలో పట్టుపురుగు చంటిబిడ్డతో సమానం. చలి తగలకూడదు, పొగ తగలకూడదు. మార్గశిరంలో మా వైపు చలి హార్స్లీ హిల్స్ దిగి నేరుగా దుప్పట్లో దూరుతుంది. చలికి భయపడి రైతులు కుంపట్లు పెడితే పొగకు పురుగులు పోయేవి. ఈ బాధకు నేనొక విరుగుడు కనిపెట్టాను. ఎవరూ అడగలేదు. అడగని పనులు చేయడంలో అప్పట్లో నన్ను మించినవాడు జిల్లాలో లేడు.

మా పెరట్లో ఇంజిన్ ఊడదీసిన పాత బస్సు ఒకటి పడి ఉండేది. సీట్లు పీకించి పురుగుల తట్టలకు అరలు కట్టించాను. వెనక బయట ఒక ఇనుప పీపా, దాని కింద కట్టెల పొయ్యి. పీపాలో కాగిన నీళ్లు అరల కింద పైపుల్లో బస్సంతా తిరిగి, మళ్లీ పీపాలోకి వస్తాయి. నీళ్లు తగ్గితే పోయడానికి బస్సు లోపల, పైకప్పుకు ఆనించి ఒక చిన్న తొట్టి. పొగ బయట, వెచ్చదనం లోపల. పైపులు బిగించింది పుంగనూరు మస్తాన్. ట్రాక్టరుకు తగిలిస్తే ఈ బస్సు ఏ ఊరికైనా వస్తుంది.

మొదట ఏ ఊరికి తీసుకెళ్లానంటారా? చౌడేపల్లె దగ్గర మా మేనమామ మునెప్ప తోటకి. మామకు మల్బరీ తోట ఉంది. మామకు రెడ్డెమ్మ అనే కూతురూ ఉంది. అంతకన్నా విడమరచి చెప్పాలా?

"అల్లుడా, కుప్పంలో ఒక సంబంధం వచ్చిండాది," అన్నాడు మామ, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి. "పిల్లోడు గుమాస్తా. ఫ్యాను కింద కూసోని చేసే పని. నువ్వేమో పురుగులోడివి."

"మామా, ఈ బస్సులో ఉండేది మీ పురుగులే. రెండో జ్వరం లేసేదాకా ఆగి సూడండి. కుప్పం యాడికీ పోదు కదా."

పురుగు చర్మం మార్చుకునే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. మార్చుకున్నాక మళ్లీ మేతకు కదిలితే జ్వరం లేచినట్టు. కదలకుండా ఉన్న ఆ గడియల్లో చలి కొడితే ఇక లేవదు.

మామ మీసం దువ్వుకున్నాడు. "సరే. రెండో జ్వరం లేసిన పొద్దున పిల్లనిస్తానో లేదో మాట చెప్తా. లేయకుంటే మాత్రం కుప్పం బస్సెక్కుతా."

ఇక నా పెళ్లి ఆ పురుగుల చేతిలో ఉంది. వాటి వెచ్చదనం నా చేతిలో ఉంది. కాబట్టి బస్సులోనే పడుకున్నాను.

పడుకున్నాను అన్నది మాటవరసకు. దీపం తగ్గించగానే పైపులు మొదలుపెట్టాయి. ముందు గుడగుడ. తర్వాత కాసేపు నిశ్శబ్దం, అమ్మయ్య అనుకుని కళ్లు మూస్తే తల దగ్గర టంగ్! ఆ తర్వాత ఒక దీర్ఘమైన నిట్టూర్పు, మళ్లీ గుడగుడ. అజీర్తి చేసిన ఎనుము కడుపు మీద తలపెట్టుకుని పడుకున్నట్టుంది. తెల్లారి పళ్లు తోముకుంటుంటే రెడ్డెమ్మ వచ్చింది.

"ఏం బావా, రాత్రంతా బస్సులో ఎవురితో కొట్లాడినావు?"

"పైపులు రెడ్డెమ్మా. నీళ్లు తిరగతాండాయి."

"నీళ్లు తిరిగితే బస్సు ఏడుస్తాదా?"

రెండో రాత్రి చప్పుడు ఇంటి దాకా వినబడింది. మా అత్త బస్సు ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. పైపులు వాటినీ లెక్కచేయలేదు. మూడో రోజుకి నా కళ్లు ఎర్రగా, బుద్ధి మొద్దుగా తయారయ్యాయి. పుంగనూరుకు కబురుపెడితే మస్తాన్ సైకిలు మీద వచ్చి, పైపుకు చెవి ఆనించి విన్నాడు.

"గాలి సార్. జాయింట్లు కారతాండాయి. నీళ్లు పోయిన తావున గాలి దూరతాంది."

"మరి బిగించు మస్తానూ! నిద్రలేక సస్తాండాను."

"ఈ పొద్దు పెద్ద పానా తేలేదు సార్, రేపు వచ్చి బిగిస్తా. అంతదాకా లారీవోళ్ల ఉపాయం చేయండి. రేడియేటర్ కారితే వాళ్లు పిడికెడు పసుపు వేస్తారు. కన్నాలు పూడిపోతాయి."

ఇంత చెప్పి మస్తాన్ వెళ్లిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. పసుపు అన్నాడు, పిడికెడు అన్నాడు. ఈ రెండూ దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఆ రాత్రికి పురుగులన్నీ రెండో జ్వరంలో కూర్చుని ఉన్నాయి. అంత గోలలోనూ ఒక్కటీ కదల్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అనలేదు. పురుగులకు పట్టని చప్పుడు నాకెందుకు? కానీ మూడు రాత్రుల నిద్ర బాకీ ఉన్నవాడికి సామెతలు గుర్తురావు. పసుపు కోసం అత్త తలుపు తట్టాలి, ఆ వేళప్పుడు తడితే మామ లేస్తాడు. నా తలగడ పక్కనే, మా అమ్మకివ్వమని అత్త పంపిన రాగిపిండి సంచి ఉంది.

నా బుర్ర వెలిగింది. పసుపే కన్నం పూడిస్తే రాగిపిండి పూడ్చదా? పైగా మా అత్త సంకటి ముద్ద గోడకేసి కొడితే గోడకే దెబ్బ. పిడికెడు సరిపోతుందన్నాడు. మంచిపనిలో పిసినారితనం ఎందుకు? సంచిలో సగానికి పైగా నీళ్లలో కలిపి తొట్టిలో పోసి, పొయ్యిలో నాలుగు కట్టెలు ఎక్కువే ఎగదోశాను.

గుడగుడ తగ్గింది. టంగ్ ఆగింది. చివరికి ఒక చిన్న బుడగ శబ్దం వచ్చి, ఆపైన చీమ చిటుక్కుమనలేదు. అలాంటి నిద్ర నేను మళ్లీ ఇంతవరకూ పోలేదు.

"ఒరే రమణా! లెయ్ రా! బస్సు సల్లగా సచ్చిపోయుండాది!"

కళ్లు తెరిస్తే మామ. కొత్త పంచె కట్టుకుని, మాట చెప్పడానికి సిద్ధమై వచ్చాడు. పైపు పట్టుకున్నాను. ఐసులా ఉంది. బయట పీపా మాత్రం కుతకుతమంటోంది, చుట్టూ కమ్మటి సంకటి వాసన. పైపుల్లో పిండి ఉడికి గట్టిపడింది, వేడినీళ్లకు దారి లేదు. కన్నాలు పూడిన మాట నిజం. మొత్తం పైపే పూడిపోయింది.

"ఏం పోసినావురా దీంట్లో?"

"రాగిపిండి మామా."

"యాల?"

ఎందుకో చెప్పబోయాను. రెడ్డెమ్మ అప్పటికే ఒక తట్ట ఎత్తుకుంది. "నాయనా, బావను తర్వాత తిట్టొచ్చు. ముందు తట్టలన్నీ వంటింట్లోకి తేండి. అమ్మా, పొగ లేని నిప్పులు ఉంచి కట్టెలు బయట పారెయ్!"

తలా ఒకటి మోసి తట్టలన్నీ వంటింట్లో సర్దాం. నా పరువు కొంచెమైనా దక్కించుకుందామని నేను బస్సు దగ్గరికి పరిగెత్తి, పైపు చివర బిరడాను సుత్తితో కొట్టాను. వెనకే వచ్చిన మామ "కొట్టొద్దురా!" అనడం, బిరడా ఎగిరిపోవడం ఒకేసారి జరిగాయి. లోపల ఆగి ఉన్నదంతా జొర్రుమని వచ్చి మామను మెడ నుంచి మోకాళ్ల దాకా అలికేసింది. చల్లారిన సంకటి కాబట్టి ఒళ్లు కాలలేదు. మామ మీసం మీద పడ్డదాన్ని నాలుకతో తీసి చప్పరించాడు.

"ఉప్పు ఎయ్యలేదు," అన్నాడు. తిట్టి ఉంటే నాకింత భయమేసేది కాదు.

స్నానం చేసి వచ్చి మామ వంటింటి గడప మీద కూర్చున్నాడు. నేను పెరట్లో అరుగు మీద కూర్చుని మనసులోనే కుప్పం గుమాస్తా పెళ్లికి వడ్డన చేస్తున్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే. పొద్దెక్కాక లోపలి నుంచి రెడ్డెమ్మ గొంతు వినిపించింది.

"నాయనా, లేసినాయి! ఒక్క తట్టే పోయింది. మిగిలినవన్నీ ఆకు కోసం తలకాయలు తిప్పతాండాయి!"

నేను వెళ్లి మామ ముందు నిలబడ్డాను. "మామా, నా వల్ల లేయలే. రెడ్డెమ్మ వల్ల లేసినాయి. మీరు కుప్పానికే పోండి."

మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "కుప్పం పిల్లోడు ఎట్లైనా బతుకుతాడు రా. మా పిల్ల లేకుంటే నువ్వు బతకవు. ఇన్ని వేల పురుగుల్ని సాకతాంది, ఇంకొకటి ఎక్కువైతాదా?"

లోపలి నుంచి రెడ్డెమ్మ అంది, "పిండి డబ్బా మాత్రం నా కాడ ఉండాల."

అప్పటి నుంచి డబ్బా తన దగ్గరే ఉంది. ఈ మధ్య మా పడగ్గది ఫ్యాను కటకటమంటోంది. మొన్న రాత్రి భరించలేక చీకట్లో స్టూలు ఎక్కాను.

"దిగు బావా," అంది రెడ్డెమ్మ, కళ్లయినా తెరవకుండా. "కుప్పమాయన కూడా ఫ్యాను కిందనే కూసున్నాడు. ఆయనేం ముట్టుకోలేదు కదా."

దిగాను. కాబట్టి చదువరులారా, మీ సాక్షిగా, రాగులు పండే ఈ నేల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో ఏది గుడగుడమన్నా, టంగుమన్నా, కటకటమన్నా దాని జోలికి పోను. దుప్పటి చెవుల మీదికి లాక్కుని, తెల్లవార్లూ మేలుకుని, పురుగులా, నన్ను సాకేవాళ్లు లేపితేనే లేస్తాను.